సత్తిరాజు తిట్టిన మూడు చక్రాల బండి

తాడేపల్లిగూడెంలో సత్తిరాజుకి నచ్చే వస్తువు ఇంతవరకూ తయారు కాలేదు. కొత్తగా వేసిన రోడ్డు చూపిస్తే తారు పల్చగా ఉందంటాడు. పెళ్లి భోజనానికి పిలిస్తే పప్పులో మామిడికాయకి పులుపు లేదంటాడు. రైలు సరైన వేళకి వస్తే, ఇవాళ దీనికేదో తేడా చేసిందంటాడు. పక్కింటివాళ్లు పైన అంతస్తు వేసుకుని గృహప్రవేశానికి పిలిస్తే, కొత్త గోడని వేలితో కొట్టి, చెవి ఆనించి విని, పెదవి విరిచి, సుష్ఠుగా భోంచేసి మరీ వచ్చాడు. ఈయన వస్తున్నాడంటే ఆ వీధిలో ఆడవాళ్లు కొత్త చీరలూ మగవాళ్లు కొత్త ఫోన్లూ లోపల పెట్టేసుకునేవాళ్లు.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యడానికీ లేదు. ఆ వంకలు పెట్టే నోటితోనే ఇల్లు కట్టాడు, కొడుకుని చదివించాడు. పుట్టింది గుండుగొలనులో, కాస్తో కూస్తో వరిపొలం ఉన్న ఇంట్లో. మీసాలొచ్చే వయసుకి తాడేపల్లిగూడెం చేరి, రైసుమిల్లులకి ధాన్యం కొనిపెట్టే బ్రోకరయ్యాడు. కోతలైతే చాలు, మోటారు సైకిలు మీద కొల్లేటి ఒడ్డు ఊళ్ల దాకా కళ్లాలన్నీ తిరిగేవాడు. బస్తాలో ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు బయటికి లాగేవాడు. అరచేతిలో నలిపి, ఉఫ్ఫుమని ఊది, ఒక గింజ పంటికింద పెట్టి కొరికి, పక్కకి ఊసేవాడు. ఆ ఊసిన తీరుకే రైతుకి సగం ప్రాణం పోయేది.

ఆ పనిలో ఆయనకో పద్ధతి ఉండేది. నచ్చని రాశి దగ్గర వంక పెట్టేవాడు కాదు. "బాగుందండి, మంచి ధాన్యవండి" అని దణ్ణం పెట్టి బండెక్కేసేవాడు. కొని తీరాలనుకున్న రాశి దగ్గర మాత్రం చతికిలబడి తిట్టేవాడు. తేమ అనేవాడు, తాలు అనేవాడు, మిల్లులో పోస్తే అంతా నూకేననేవాడు, పశువుల ముందు పెట్టినా మూతి తిప్పుకుంటాయనేవాడు. ఎంత కావాలనిపిస్తే అంత తిట్టేవాడు. కొత్త రైతులు ఏడుపు మొహాలు పెట్టేవాళ్లు. పాత రైతులు మాత్రం ఆ తిట్లు వింటూనే తువ్వాలుతో మంచం దులిపి, కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించేవాళ్లు. జీవితమంతా ఇదే పని చేసేసరికి ఆ పద్ధతి కళ్లంలో ఆగక ఇంట్లోకి కూడా వచ్చేసింది.

మనుషుల్నీ వదిలేవాడు కాదు. కాలవ గట్టు పక్కన అబ్దుల్ మజీద్ అనే ఆయనకి పరుపులు కుట్టే దుకాణం ఉంది. ఆ దుకాణం ముందు ఒక బల్ల ఉంది. పొద్దున్నే ఆ బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఊరినంతటినీ చెరిగి చాటలో పెట్టడం సత్తిరాజు దినచర్య. పెంటపాడు నుంచి వచ్చి గూడెంలో స్థిరపడ్డ అబ్బులు అనే రైతు కూడా ఆ బల్ల దగ్గరికి వచ్చేవాడు. పాపం, అతను మెట్ల మీంచి పడి తుంటి విరిగి, చేతికర్ర పట్టుకున్నాడు. కర్రతో మొదటిరోజు టకటకమంటూ వస్తుంటే సత్తిరాజు టీ గ్లాసు పక్కన పెట్టి, "అదుగోండి, మూడుకాళ్ల అబ్బులు వస్తున్నాడు" అన్నాడు. బల్ల మీద ఉన్నవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పేరు అతుక్కుపోయింది. చివరికి అబ్బులు మనవరాలు కూడా బళ్లో ఆ పేరు విని ఏడుస్తూ ఇంటికొచ్చిందట. ఆ సంగతి తెలిసినా సత్తిరాజు తగ్గలేదు. పేరు బాగా కుదిరిందనే అన్నాడు.

అటువంటి సత్తిరాజు కిందటి వానాకాలంలో ఒకరోజు మంచం దిగబోతే ఎడంకాలు ఆయన మాట వినలేదు. ఏలూరులో డాక్టరు చూసి, పక్షవాతం తగిలీ తగలనట్టు తగిలిందన్నాడు. చెయ్యీ మాటా బాగున్నాయి కాబట్టి అదృష్టమన్నాడు. కర్ర పట్టుకుని రోజూ నడవాలి, నడిస్తే కాలొస్తుంది, కూర్చుంటే ఉన్నదీ పోతుందని ఖచ్చితంగా చెప్పాడు. మాట బాగుందన్నందుకు ఇంటిల్లిపాదీ సంతోషించారో లేదో నేను చెప్పలేను. కొడుకు ఆ సాయంత్రమే నల్లటి కర్ర కొనుక్కొచ్చాడు. సత్తిరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందిరా" అని బీరువా వెనక్కి తోసేశాడు.

అప్పట్నుంచీ వీధి అరుగే ఆయనకి లోకమైంది. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు. ఎవరి కంటైనా పడితే సున్నం రాలుతోందేమోనని చూస్తున్నట్టు గోడని తడిమేవాడు. మజీద్ చూడ్డానికి వచ్చి దుకాణానికి రమ్మంటే, మీ గట్టు మీద రోడ్డు మనుషులు నడిచేలా ఉందా, మునిసిపాలిటీ వాళ్లకి సిగ్గుందా అని అరిచి పంపేశాడు. అసలు సంగతి అది కాదు. కర్రతో వెళ్తే ఆ బల్ల మీదవాళ్లు ఏమంటారో ఆయనకి తెలుసు. ఆ మాట తయారుచేసిందే తను. కాలు రావాలంటే నడవాలి, నడవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి, పట్టుకుంటే పరువు పోతుంది. నెలలు గడుస్తున్నకొద్దీ కాలు సన్నబడిపోతోంది. రాత్రి దుప్పటి కింద దాన్ని చేత్తో పట్టుకుని చూసుకుంటుంటే ఆయనకి భయం వేసేది. ఆ భయం భార్య రాజ్యంతో కూడా చెప్పలేదు.

ఇలా ఉండగా కొడుకు భానుప్రకాష్‌కి జాగింగ్ పిచ్చి పట్టింది. అతను మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తాడు. పొట్ట బల్లకి తగులుతోంది. వీధి చివర పెరుగు ప్యాకెట్టుకి కూడా మోటారు సైకిలు తీసే మనిషి. రక్తపరీక్షలో సుగర్ అంచున ఉందని తేలేసరికి ఎర్ర బూట్లు కొన్నాడు, చెమట పీల్చే బనీను కొన్నాడు, అడుగులు చెప్పే వాచీ కొన్నాడు. పరిగెత్తడం ఒక్కటే మిగిలింది. అదెందుకు మొదలుపెట్టలేదయ్యా అంటే, పిల్లాడితో గడపడానికి టైము చాలడం లేదట, అందుకని పిల్లాడిని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ పరిగెడతాడట. అలాంటి బండిని జాగింగ్ స్ట్రోలర్ అంటారని ఫోనులో వీడియోలు చూపించాడు. ఆ వీడియోల్లో సన్నటి మనుషులు చెట్ల మధ్య నున్నటి రోడ్డు మీద పరిగెడుతున్నారు. మన వీధిలో అయితే ముందు కుక్కలు పరిగెడతాయని సత్తిరాజు అన్నాడు.

కోడలు అలేఖ్య గొడవ వేరు. పిల్లాడు చరణ్‌తేజకి ఏడాది దగ్గర పడుతోంది. చంకనెత్తుకుంటే బియ్యం బస్తాలా బరువు. టీకాలకి ఆస్పత్రికి వెళ్లాలన్నా, కూరలకి వెళ్లాలన్నా, సాయంత్రం వాడికి కాస్త గాలి చూపించాలన్నా ఆ పిల్ల నడుం విరిగిపోతోంది. ఎవరు పరిగెత్తినా మానినా రోజూ పనికొచ్చే బండి ఒకటి ఉండాలని ఆమె అంది. ఏలూరులో పిల్లల సామాన్లమ్మే పెద్ద షాపుకి వెళ్దామనుకున్నారు. పిల్లాడికి జలుబు చేసిందని రాజ్యం వాణ్ని తన దగ్గరే ఉంచేసుకుంది. మీరిద్దరే వెళ్తే మీ మొహాలు చూసి తుక్కు అంటగడతారని సత్తిరాజు తనూ బయలుదేరాడు. కొడుకు భుజం మీద చెయ్యేసి, ఏదో సలహా చెబుతున్నట్టు, కారు దాకా నడిచాడు.

షాపాయన మర్యాదస్తుడే. మూడు రకాల బండ్లు బయటికి తీసి, ఒకదాన్ని ముందుకీ వెనక్కీ తోసి చూపించబోయాడు. సత్తిరాజు గట్టిగా ఆపేశాడు. ఖాళీ ఉయ్యాల ఊపితేనే పిల్లలకి మంచిది కాదంటారు, ఖాళీ బండి తోస్తారా, బుద్ధి ఉండక్కర్లా అని కోప్పడ్డాడు. మరి పిల్లాడు లేకుండా చూసుకోవడం ఎలా? అలేఖ్య పుట్టిల్లు ఏలూరే. వాళ్లింట్లో ఇద్దామని తెచ్చిన చిన్న బియ్యం సంచి కారులో ఉంది. బరువు ఇంచుమించు చరణ్‌తేజంతే ఉంటుంది. సత్తిరాజు దాన్నే తెప్పించి బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టించాడు. షాపుకొచ్చిన వాళ్లందరూ బెల్టు కట్టుకుని కూర్చున్న బియ్యం సంచిని చూసి నవ్వుకున్నారు.

మొదటిది గొడుగులా ముడుచుకునే తేలికపాటి బండి, బొంగరాలంత చక్రాలు. సత్తిరాజు పిడి పట్టుకుని కాస్త బరువు ఆనించాడో లేదో, ముందు చక్రాలు గాల్లోకి లేచి సంచి వెల్లకిలా పడింది. అలేఖ్య గభాల్న అటువైపు పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మావగారు కూడా దాని మీద పడేవాడే. ఆయన పంచె సర్దుకున్నాడు.

"బాగుందండి" అన్నాడు.

రెండోది నాలుగు చక్రాల పెద్ద బండి. గ్లాసు పెట్టుకోవడానికి చోటు, బొమ్మలు పెట్టుకోవడానికి పలక, దోమతెర, పైన పందిరి, అన్నీ ఉన్నాయి. తోస్తే మాత్రం ఒక చక్రం తూర్పుకీ ఒకటి పడమటికీ పోతోంది. దాన్ని కూడా బాగుందండి అన్నాడు.

మూడోది భానుప్రకాష్ మనసు పడ్డ జాగింగ్ బండి. వెనక రెండు, ముందు ఒకటి, సైకిలు చక్రాల్లాంటి గాలి టైర్లు. ముందు చక్రాన్ని కావాలంటే అటూ ఇటూ తిరిగేట్టు వదలొచ్చు, లేకపోతే తిన్నగా బిగించెయ్యొచ్చు. పిడి ఎత్తు మార్చుకోవచ్చు. పిడికి సైకిలు బ్రేకులాంటి బ్రేకుంది, చెయ్యి జారినా బండి పోకుండా మణికట్టుకి కట్టుకునే పట్టీ ఉంది. సత్తిరాజు పిడి తన నడుం ఎత్తుకి పెట్టించుకున్నాడు, చక్రం బిగించమన్నాడు. రెండు చేతులూ ఆనించి ఒళ్లంతా దాని మీద వేశాడు. బండి కదల్లేదు. మెల్లిగా తోశాడు. బండి తిన్నగా వెళ్లింది, ఎడంకాలు ఈడ్చుకుంటూనే వెనకాల వెళ్లింది. షాపు చివర గోడ దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. గోడ పట్టుకోకుండా, కొడుకు భుజం పట్టుకోకుండా వెళ్లి వచ్చాడు. ఆ జబ్బు చేశాక అదే మొదటిసారి. ఆ మనిషికి ఒక్కటే తోచింది. ఈ బండి ఇంటికి రావాలి. దీన్ని పట్టుకుంటే ముసలాడు కర్ర పట్టుకున్నాడని ఎవడూ అనడు, తాత మనవణ్ని తిప్పుతున్నాడంటారు.

ఇంకేముంది. ఆయనకి తెలిసిన పద్ధతి ఒక్కటే.

"ఏవిటండీ ఇది? ఆటోని మధ్యకి నరికి తెచ్చారా? మూడు చక్రాలేవిటి, మంచీ చెడూ తెలీదా దీన్ని చేసినవాడికి? పసిపిల్లాణ్ని మూడింటి మీద కూర్చోబెడతారా? వెడల్పు చూడండి, మా గేట్లో పట్టి చస్తేనా! పంచరైతే పిల్లాణ్ని చంకనేసుకుని సైకిలు షాపుకి పోవాలా? పుణుగుల బండి కూడా ఇంతకంటే అందంగా ఉంటదండి. దీన్ని కొన్నవాడంత వెర్రివాడు రెండు జిల్లాల్లోనూ ఉండడండి."

షాపాయన మొహం మాడిపోయింది. సత్తిరాజు ఊపిరి తీసుకుని, ఇప్పుడు షాపాయన దిగొస్తాడు, కొడుకు పోనీలెండి నాన్నగారూ అంటాడు, తను ఏడుపుమొహంతో సరేలే అంటాడు, పని అయిపోతుంది అనుకున్నాడు. కళ్లాల్లో వేలసార్లు జరిగినట్టే జరుగుతుందనుకున్నాడు. కానీ అక్కడ ఉన్నది పాత రైతు కాదు, భానుప్రకాష్. ఆ ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో తిని, ఈ వయసొచ్చినా తండ్రి మాట ఎలా అర్థం చేసుకోవాలో నేర్చుకోని ప్రబుద్ధుడు. దానికితోడు, జబ్బుపడ్డ తండ్రి మాట ఇకనించి కాదనకూడదని ఆ మధ్యే ఒట్టు పెట్టుకున్నాడట. మనసు పడ్డ బండి వైపు ఒకసారి బెంగగా చూసి, నాన్నగారు ముందుగా ఏది బాగుందన్నారో అదే ఇవ్వండి అన్నాడు. గొడుగు బండి కట్టించి డిక్కీలో వేయించాడు.

సత్తిరాజు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. కాదనాలంటే ఎందుకు కాదో చెప్పాలి. తిట్టిన నోటితో నాకది కావాలి అనాలి, ఎందుకు కావాలో అనాలి. ఆ మాటలు ఆయన నోట్లో ఎప్పుడూ లేవు. మళ్లీ కొడుకు భుజం మీద చెయ్యేసి కారెక్కాడు. గుండుగొలను దాటుతుంటే, వరి పండే పొలాలు చేపల చెరువులైపోయాయని ప్రతిసారీ శాపనార్థాలు పెట్టేవాడు. చేపల లారీ ఒకటి నీళ్లు కార్చుకుంటూ ముందు పోతుంటే కూడా ఆయన ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. భానుప్రకాష్ మాత్రం తండ్రి శాంతించాడని మహా సంతోషపడిపోయాడు.

ఇంట్లో చరణ్‌తేజని కొత్త బండిలో కూర్చోబెట్టారు. వాడు పాదాలు నోట్లో పెట్టుకుని ఆనందపడ్డాడు. ఎలా ఉందండీ అని రాజ్యం అడిగితే, బాగానే ఉందని సత్తిరాజు అరుగు మీదకి పోయి కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగేశాడు. చల్లారిందనలేదు, నీళ్లగా ఉందనలేదు. అది చూసి రాజ్యానికి గాభరా పుట్టింది. కాలు పడిపోయిన రోజున కూడా ఆయన అంబులెన్సు సీటు బాగోలేదని తగాదా పెట్టుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి కోడల్ని పట్టుకుంది. షాపులో ఏం జరిగిందో మొత్తం చెప్పించుకుంది. బియ్యం సంచి పడిపోవడం దగ్గర్నుంచి ఆటోని మధ్యకి నరకడం దాకా అలేఖ్య అంతా చెప్పింది. మూడో బండితో మావయ్యగారు గోడ దాకా రెండుసార్లు వెళ్లొచ్చారని చెప్పేటప్పుడు మాత్రం ఆమె కాస్త ఆగింది. రాజ్యం చేతిలో గరిట స్టవ్ గట్టు మీద పెట్టేసింది.

"నన్ను చూసుకోడానికి వచ్చిన రోజు ఏవన్నారో తెలుసామ్మా? పిల్ల పొట్టి అన్నారు, నలుపన్నారు, ఇల్లు కారుతుందన్నారు, పెట్టిన బూరెలు రాళ్లలా ఉన్నాయన్నారు. మా నాన్న ఏడ్చినంత పని చేశాడు. తెల్లారేసరికి ముహూర్తాలు పెట్టుకోమని కబురొచ్చింది. అంతకుముందు ఇద్దరు పిల్లల్ని చూశారంట. ఇద్దర్నీ బాగుందన్నారంట."

అలేఖ్య అత్తగారి మొహంలోకి చూసి, అయితే రేపే వెళ్లి మార్చుకొస్తాం అత్తయ్యగారూ అంది. రాజ్యం తల ఊపి పప్పు తాలింపు వేసుకుంది. ఆయనతో మాత్రం ఏమీ అనొద్దని, అంటే బండిని కాలవలో పారేసేదాకా నిద్రపోడని చెప్పింది.

రాత్రి గదిలో అలేఖ్య సంగతి చెబితే భానుప్రకాష్‌కి ఒక పట్టాన ఎక్కలేదు. అంత తిట్టిన బండిని తేవడమేంటి, నాన్నగారి మాట కాదన్నట్టు అవదా అన్నాడు. ఆయన కాలు చూశారా ఎప్పుడైనా అని అలేఖ్య అడిగింది. చూడలేదని అతనికి అప్పుడే తెలిసింది. మర్నాడు సెలవు పెట్టి ఏలూరు వెళ్లాడు. షాపాయన దెప్పిపొడుపులన్నీ నోరుమూసుకుని పడి, సాయంత్రానికి మూడు చక్రాల బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

సత్తిరాజు అరుగు మీంచి చూశాడు. ఎవడు తెమ్మన్నాడురా దీన్ని అని మొదలుపెట్టి, రంగు దగ్గర్నుంచి మరమేకుల దాకా వంకలు ఏకరువు పెట్టాడు. పక్కింటి మేడ మీదవాళ్లు కూడా బయటికొచ్చి విన్నారు. రాజ్యం ఆ తిట్లు వింటూ హాయిగా బియ్యం ఏరుకుంది. గేట్లో పట్టదన్న బండి గేట్లో పట్టింది. అది కూడా తప్పే అయింది, గేటు అంత వెడల్పు ఎందుకు పెట్టించానా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బండికి పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్రాల కింద పెట్టడానికి రాజ్యం అలవాటు కొద్దీ నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. మూడు చక్రాల కింద మూడు పెట్టాక ఒకటి మిగిలింది. దీన్నేం చెయ్యమంటారండీ అని అడిగింది.

"నా కాలికింద పెట్టు" అన్నాడు సత్తిరాజు విసురుగా.

రాజ్యం నవ్వలేదు. నిజంగానే వంగి, ఎడంపాదం ముందు నిమ్మకాయ పెట్టి, పక్కకి జరిగింది. చరణ్‌తేజ బండిలో కూర్చుని పిడి వైపు చూస్తున్నాడు. సత్తిరాజు పిడి పట్టుకున్నాడు, పళ్లు బిగించి ఎడంకాలు ఎత్తాడు, నిమ్మకాయ మీద వేశాడు. మొదటిసారి జారిపోయింది. రెండోసారి చిట్లింది. ఈ కాయలో రసమే లేదన్నాడు గానీ, కళ్లు తుడుచుకోవడం రాజ్యం చూసింది.

భానుప్రకాష్ జాగింగ్ ఏమైందని మీరు అడుగుతారు. ఆ వారంలో ఒక ఆదివారం ఎర్ర బూట్లు వేసుకుని బండి తోసుకుంటూ పరిగెత్తాడు. వీధి మలుపు దాకా వెళ్లి, కొడుకు నిద్రపోయాడని చెప్పి నడుచుకుంటూ వెనక్కొచ్చాడు. ఆ తర్వాత బూట్లు అరుగు కింద చేరాయి, వాటిలో పిల్లి కూర్చుంటోంది. బండి మాత్రం రోజూ కదులుతోంది. సాయంత్రాలు అలేఖ్య కూరలకి తీసుకెళ్తుంది. పొద్దున పూట అది తాతది. మొదట గేటు దాకా వెళ్లాడు, తర్వాత వీధి చివర దాకా, తర్వాత కాలవ గట్టు ఎక్కే చోటు దాకా. అలేఖ్య కాస్త దూరంలో, ఫోను చూసుకుంటున్నట్టు వెనకాల నడిచేది. ఆ పిల్ల ఫోనులో ఏమీ చూడటం లేదని ఆయనకి తెలుసు. తెలిసీ ఒక్కసారి కూడా ఇంటికి పొమ్మనలేదు.

సంక్రాంతి వెళ్లి చలి తగ్గాక ఒకరోజు గట్టెక్కాడు. గతుకుల మీద గాలి టైర్లు మెత్తగా ఎగిరాయి, దిగుడులో బ్రేకు పట్టుకున్నాడు. మజీద్ దుకాణం దాకా వెళ్లాడు. మజీద్ సూదీ దారం వదిలేసి లేచి ఎదురొచ్చాడు. బల్ల దులిపి కూర్చోబెట్టాడు, పక్క హోటల్లో టీ చెప్పాడు. పిల్లాణ్ని ఎత్తుకుని దూది కుప్ప మీద ఆడించాడు. సత్తిరాజు బల్ల వైపు, గోడల వైపు, కొత్తగా కట్టిన బోర్డు వైపు చూసి, అన్నిటికీ వంకలు పెట్టాడు. మజీద్ మొహం వెలిగిపోయింది.

కాసేపటికి చరణ్‌తేజ ఆకలేసి గుక్కపట్టి ఏడ్చాడు. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోకపోయేసరికి అలేఖ్య వాణ్ని భుజానేసుకుంది. మీరు మెల్లిగా రండి మావయ్యగారూ అని చెప్పి, కనిపించిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది. బల్ల ముందు బండి ఖాళీగా మిగిలింది. మజీద్ దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, ఖాళీ బండి తోయకూడదని ఈ బల్ల మీదే ఎందరినో తిట్టిన మనిషి ఈయన.

"ఖాళీ బండి తోసుకెళ్లకూడదంటారు కదండీ మీరు. మా అబ్బాయి ఫహీమ్ వచ్చాక మోటారు సైకిలు మీద దింపించమంటారా?" అని మెల్లిగా అడిగాడు.

సత్తిరాజు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఖాళీ ఏవిటండీ మజీద్‌గారూ. నా ఎడంకాలుంది దాన్లో."

ఆయన నోటంట అలాంటి మాట మజీద్ ఎన్నడూ వినలేదు. ఇంకో టీ చెప్పాడు. అప్పుడే గట్టు మీద టకటకమని చప్పుడైంది. అబ్బులు వస్తున్నాడు. సత్తిరాజు అటూ ఇటూ చూశాడు. దాక్కోవడానికి లేదు, ఎదురుగా మూడు చక్రాల బండి ఊరేగింపు రథంలా నిలబడి ఉంది. మూడుకాళ్ల మాట ఇవాళ తిరిగొస్తుంది, రావాల్సిందే అనుకుని తల వంచుకున్నాడు.

అబ్బులు దగ్గరికొచ్చాడు. బండిని చూశాడు, సత్తిరాజు కాలు చూశాడు, మళ్లీ బండిని చూశాడు. బల్ల మీద పక్కన కూర్చుంటూ, ఎన్నాళ్లైందండీ మిమ్మల్ని చూసి, ఒంట్లో బాగుంటోందా అని అడిగాడు. అంతే. ఎంతసేపు చూసినా ఇంకేమీ అనలేదు. అనేస్తే బాగుండుననిపించింది సత్తిరాజుకి. ఆ మంచితనం ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది, సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఏం చెయ్యాలో తెలియక, బల్లకి ఆనించి ఉన్న అబ్బులు కర్రని చేతిలోకి తీసుకున్నాడు. గొట్టంతో గింజలు తీసినప్పటిలాగే అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి, నేల మీద కొట్టి చూశాడు.

"ఏం కర్రండీ అబ్బులుగారూ ఇది? పుచ్చు కర్ర. పిడి చూస్తే వదులు, కింద రబ్బరు అరిగిపోయింది. వంకర కూడా ఉంది. ఇలాంటిది పట్టుకుని మనిషన్నవాడు బజార్లోకొస్తాడా?"

అబ్బులు పెంటపాడులో ఏటేటా ఈ మనిషికే ధాన్యం అమ్మిన రైతు. ఈ తిట్లు తింటూ మంచం దులిపి మజ్జిగ తెప్పించినవాడు. కర్ర వైపు చూశాడు, దాన్ని వదలకుండా పట్టుకున్న చెయ్యి వైపు చూశాడు.

"అంత నచ్చిందాండీ?" అన్నాడు.